ముందు ఇరుసు, ఆఖర్న స్ప్రింగు: మోర్స్ కీని సర్దుకునే వరస

(మోర్స్, అంటే పొట్టి, పొడుగు కూతలతో అక్షరాలు పంపే పద్ధతి, నేర్చుకుంటున్నవాళ్ళ కోసం ఒంగోలులో ఒక ఆదివారం పొద్దున జరిగిన సమావేశంలో, నెల్లూరు నుంచి వచ్చిన ఒక విశ్రాంత తంతి ఉద్యోగి చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు చదువుకుంటారని రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక ఉన్నవాళ్ళకి వినపడతా ఉందా? ముందు వరసలో ఇన్ని కుర్చీలు ఖాళీగా పెట్టుకొని గోడకి ఆనుకొని నిలబడటం ఎందుకు నాయనా, రండి, ముందుకు రండి. నేను చూపించబోయేవి చిన్న చిన్న స్క్రూలు. అంత దూరాన్నించి మీకేం కనపడవు.

ఇందాక టీ తాగేటప్పుడు ఒక కుర్రాడు వచ్చి అడిగాడు, "సార్, నా సెండింగు బాలేదంటున్నారు, చెయ్యి ఎట్టా సరిచేసుకోవాలి?" అని. నీ కీ, అదే ఆ కూతలు కొట్టే పరికరం, ఎట్టా ఉంది అన్నాను. "కీకేం సార్, కొత్తది" అన్నాడు. కొత్తదైతే బాగున్నట్టేనా? కొత్త కీ ఎవరి చేతికీ సర్ది ఉండదు. దార్లో స్క్రూలు ఊడిపోకుండా బిగించి, పెట్టెలో పెట్టి పంపిస్తారు, అంతే. మన చేతికి సర్దుకోవాల్సింది మనమే. ఆ సర్దుకోవడానికి ఒక వరస ఉంది. ముందు ఇరుసు. తరవాత కాంటాక్టులు, నొక్కితే ఒకదానికొకటి తగిలేవి. ఆ తరవాత గ్యాపు, వాటి మధ్య ఖాళీ. ఆఖర్న స్ప్రింగు. ఈ వరస తప్పారా, పొద్దస్తమానం తిప్పినా పని కాదు. మరి అందరూ చేసేదేంది? ముందు స్ప్రింగు తిప్పుతారు. ఎందుకని? అది పైకి కనపడతా ఉంటుంది, చేతికి అందుతుంది, తిప్పంగానే తేడా తెలుస్తుంది. తేడా తెలిసింది కాబట్టి బాగుపడిందనుకుంటారు.

ముందు కొంచెం లెక్క చెప్తా, విసుక్కోకండి. డిట్ అంటే పొట్టి కూత, ఒక పాలు. డా అంటే పొడుగు కూత, మూడు పాళ్ళు. అక్షరం లోపల ఖాళీ ఒక పాలు, అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు, మాటకీ మాటకీ మధ్య ఏడు. ఇది మీ అందరికీ వచ్చిందే. నిమిషానికి 12 మాటల వేగంలో ఒక డిట్ 100 మిల్లీ సెకన్లు. 20 మాటలకి పోతే 60. 1200ని మీ వేగంతో భాగించండి, డిట్ ఎన్ని మిల్లీ సెకన్లో వచ్చేస్తుంది. ఇప్పుడు చెప్పండి, 60 మిల్లీ సెకన్ల డిట్‌లో కీ ఒక 20 మింగేస్తే మిగిలిందెంత? 40. మూడో వంతు పోయింది. అదే 20 డాలో మింగితే? డా 180 కదా, 160 మిగులుతుంది. ఎవరి చెవికీ ఆనదు. అందుకే కీలో లోపం ఎప్పుడూ డిట్ల మీద బయటపడుతుంది. డాలు బాగుండి డిట్లు బాలేవంటే చెయ్యిని తిట్టే ముందు కీని చూడండి.

ఎట్టా చూడాలి? నాకొక పరీక్ష మాట ఉంది. నెల్లూరోణ్ణి కాబట్టి మా ఊరి పేరే. ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్, ఇ, ఎల్, ఎల్, ఓ, ఆర్, ఇ. బోర్డు మీద రాస్తా చూడండి. డా డిట్. డిట్. డిట్ డా డిట్ డిట్, అది రెండుసార్లు. డా డా డా. డిట్ డా డిట్. మళ్ళీ డిట్. ఒంటరి డిట్‌లు రెండు, డా వెనక వచ్చే డిట్‌లు, అచ్చంగా డాలే ఉన్న అక్షరం ఒకటి, అన్నీ ఇందులో ఉన్నాయి. మీరు కొట్టండి, పక్కవాణ్ణి రాయమనండి. వాడు రాసిన తప్పు చూస్తే రోగం ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఒకటి. మొదటి అక్షరం 'ఎన్' కొడితే వాడు 'టి' రాశాడు, ఆఖరి 'ఇ' అసలు రాయనే లేదు. అంటే డిట్లు పడిపోతా ఉన్నాయి. గ్యాపు ఎక్కువై ఉండాలి, లేదా స్ప్రింగు బిరుసై ఉండాలి, లేదా కాంటాక్టు మీద మురికి. రెండు. మీరు 'ఇ' కొట్టారు, వాడు 'ఐ' రాశాడు. 'ఐ' అంటే రెండు డిట్లు కదా. మీరు ఒకసారి నొక్కితే రెండుసార్లు తగిలింది. నెల్లూరు కాస్తా నిల్లూరు అయింది. అది ఇరుసు వదులో, కాంటాక్టు సరిగ్గా కూర్చోకపోవడమో. మూడు. 'ఎన్', 'ఇ' రెండూ కలిపేసి వాడు 'డి' రాశాడు. డా డిట్ పక్కన ఇంకో డిట్ అతుక్కుంటే 'డి'యే కదా మరి! ఇది మాత్రం మీ చెయ్యే. అక్షరాల మధ్య మూడు పాళ్ళ ఖాళీ ఇవ్వలేదు మీరు. దానికి నా దగ్గర స్క్రూ లేదు. నవ్వుతున్నారు గానీ మీ ఊరి సంగతి ఇంకా ఘోరం. ఒంగోలులో మొదటి 'ఓ' పక్కన 'ఎన్' అతుక్కుంటే ఏమవుతుంది? డా డా డా, డా డిట్. తొమ్మిది! తొమ్మిది గోలు అయిపోతుంది.

సరే, కీ చేతిలోకి తీసుకుందాం. ఇది మామూలు స్ట్రెయిట్ కీ. ఇదీ మీట. ఇదీ మనం పట్టుకునే బొడిపె. ఇక్కడ, మధ్యలో, అడ్డంగా ఉన్నదే ఇరుసు. రెండు పక్కల నుంచీ మొన ఉన్న స్క్రూలు వచ్చి దీన్ని పట్టుకుంటాయి. కొన్నిట్లో బాల్ బేరింగు ఉంటుంది, చాలావాటిలో ఈ మొన స్క్రూలే. ఎడ్లబండి ఇరుసు సంగతి మీ జిల్లా వాళ్ళకి నేను చెప్పాలా? బిగిస్తే చక్రం తిరగదు, వదిలితే బండి ఊగుతుంది. ఇదీ అంతే. ముందు స్ప్రింగు తీసి పక్కన పెట్టండి. పూర్తిగా తీసెయ్యండి, వదులు చేస్తే చాలదు. ఇప్పుడు మీటని వేలితో లేపి వదిలితే తన బరువుకి తానే పడాలి, ఎక్కడా పట్టెయ్యకూడదు. పక్కలకి ఊపితే కదలకూడదు. కదిలిందా, ఒక స్క్రూ కొంచెం బిగించండి. ఎంత కొంచెం? గడియారం ముల్లు అయిదు నిమిషాలు జరిగేంత. మళ్ళీ పడేసి చూడండి. రెండు పక్కలా సమానంగా బిగించుకుంటా పోతే మీట మధ్యలో ఉంటుంది. ఒక పక్కనే బిగిస్తే మీట జరిగిపోయి పైకాంటాక్టు కిందకాంటాక్టుకి ఎదురుగా ఉండదు.

లాక్‌నట్, అంటే సర్దిన స్క్రూ కదలకుండా పట్టే నట్టు, దాని సంగతి ఇక్కడే చెప్పేస్తా, ఎందుకంటే ఇది ప్రతి స్క్రూకీ వర్తిస్తుంది. లాక్‌నట్ బిగించేటప్పుడు అది స్క్రూని కూడా తనతో తిప్పేస్తుంది. మీరు అరగంట కూర్చొని సర్దింది ఒక్క క్షణంలో పోతుంది. ఎడమ చేత్తో స్క్రూ తలని స్క్రూడ్రైవరుతో కదలకుండా పట్టుకొని, కుడి చేత్తో నట్టు బిగించండి. బిగించాక మళ్ళీ ఒకసారి చూడండి.

ఇరుసుకి నూనె వెయ్యాలా వద్దా అని ఎప్పుడూ అడుగుతారు. సూది మొనకి ఎంత అంటుకుంటుందో అంత, కుట్టుమిషను నూనె. అంతకంటే వద్దు. ఎందుకు వద్దో చెప్తా. చాలా కీల్లో కరెంటు ఈ ఇరుసు గుండానే పోతుంది. మీటకి వేరే వైరు ఉండదు. మొన స్క్రూ, దాని గుంట, వాటి మధ్య జిడ్డు, దుమ్ము. ఇంకేముంది, కరెంటు ఒకసారి పోతుంది, ఒకసారి పోదు. మంచి కీల్లో మీట కింద ఒక మెత్తటి జడవైరు ఉంటుంది, పీఠం నుంచి మీటకి. మీ కీ తిరగేసి చూడండి, లేకపోతే మీరే పెట్టుకోవచ్చు. టంకం పీల్చే రాగి జడ దొరుకుతుంది కదా, అది చాలు. కాకపోతే వదులుగా, వంపు తిప్పి పెట్టండి. బిగుతుగా పెడితే అదే ఇంకో స్ప్రింగు అయి కూర్చుంటుంది. పరీక్ష కూడా తేలికే. మల్టీమీటరు ఓమ్స్‌లో పెట్టి, కీ నొక్కి పట్టుకొని, మీటని అటూ ఇటూ కొంచెం నలపండి. ఒక ఓమ్ లోపల నిలకడగా ఉంటే బాగున్నట్టు. అంకెలు గంతులేస్తా ఉంటే దొంగ ఇరుసులో ఉన్నాడు.

ఇక కాంటాక్టులు. ఇవి వెండివి ఉంటాయి, టంగ్‌స్టనువి ఉంటాయి, పాతకాలపు ఖరీదైన వాటిలో ప్లాటినమూ ఉంటుంది. రెండు కాంటాక్టులు ముఖాముఖి పూర్తిగా ఆనాలి. ఆనుతున్నాయో లేదో కంటితో చూస్తే తెలియదు. కార్బను పేపరు ముక్క, తెల్లకాగితం ముక్క, రెండూ కలిపి మధ్యలో పెట్టి మెల్లిగా ఒకసారి నొక్కండి. బయటికి తీసి చూడండి. గుండ్రంగా నిండు చుక్క పడిందా, సరిగ్గా కూర్చుంటున్నాయి. నెలవంకలాగా ఒక అంచే పడిందా, ఒరిగి తగులుతున్నాయి. అట్టా అంచు తగిలే కీ డిట్‌కి డిట్‌కి మాట మారుస్తా ఉంటుంది. మీటని ఇరుసులో కొంచెం పక్కకి జరిపితే చాలాసార్లు సర్దుకుంటుంది. కార్బను పేపరు ఎక్కడ దొరుకుతుందంటారా? కోర్టు దగ్గర టైపు మిషన్ల వాళ్ళని అడగండి, ఒకటి ఊరికే ఇస్తారు.

శుభ్రం చెయ్యడం. ఇది వినండి, ఎక్కువ కీలు ఇక్కడే పాడవుతాయి. నల్లబడిందని గరుకుకాగితం పెట్టి రుద్దుతారు. వద్దు! వెండి మెత్తన. గరుకుకాగితం రేణువులు అందులో దిగబడిపోతాయి, కరెంటుకి అడ్డం పడతాయి. ఒక విజిటింగు కార్డుని సన్నగా కత్తిరించి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కొంచెం తడిపి, కాంటాక్టుల మధ్య పెట్టి, మీటని వేలితో మెల్లిగా అదిమి పట్టి బయటికి లాగండి. నల్లగా వస్తుంది. ఇంకో ముక్క. తెల్లగా వచ్చేదాకా. ఆఖర్న పొడిది ఒకటి. అంతే పని.

మరి పాత కీల్లో ఒక కాంటాక్టు మీద గుంట, ఎదురు దాని మీద దానికి సరిపోయే బొడిపె ఉంటుంది, చూశారా? అది నిప్పురవ్వ చేసిన పని. పాత వాల్వు ట్రాన్స్‌మిటర్లలో కీ గుండా పెద్ద వోల్టేజీ పోయేది, వదిలినప్పుడల్లా రవ్వ లేచి లోహం ఒక పక్క నుంచి ఇంకో పక్కకి పోయేది. అట్టాంటి వాటికి సన్నని కాంటాక్టు ఆకురాయి వాడొచ్చు, రెండు మూడు రాపులు, బొడిపె చదునయ్యేదాకా. గుంట పూర్తిగా పోవాలని అరగదీస్తే కాంటాక్టే మిగలదు. ఇప్పటి సెట్లలో కీ దగ్గర ఉండేది కొద్ది వోల్టులు, కొద్ది మిల్లీ యాంపులు. రవ్వ లేదు, మంచిదే. కానీ ఆ రవ్వే మురికిని కాల్చేసేది కూడా. ఇప్పుడు అది లేదు కాబట్టి సన్నని మురికి పొర ఉన్నా కరెంటు ఆగిపోతుంది. పాత కీ కొత్త సెట్టుకి పెడితే మొరాయిస్తుంది అంటారే, చాలాసార్లు కారణం ఇదే. ఇంకో మాట. ఎవరి దగ్గరైనా వాల్వు సెట్టు ఉండి దానికి నేరుగా కీ తగిలించే ఉద్దేశం ఉంటే ముందు నాతో మాట్లాడండి. మీట మొత్తం లోహం, మీ వేలు దానికి అరంగుళం దూరంలో ఉంటుంది. మధ్యలో రిలే పెట్టుకోకుండా ఆ పని చెయ్యొద్దు.

మన తీరం సంగతి వేరే చెప్పాలి. కొత్తపట్నం వైపో, మా మైపాడు వైపో ఉండేవాళ్ళకి తెలుసు, ఇనప గేటు ఎన్నాళ్ళుంటుందో. ఉప్పు గాలి. ఇత్తడి కీకి చిలుము పడుతుంది, ఉక్కు స్క్రూకి తుప్పు పడుతుంది. చిలుము పట్టిందని ఇంట్లో ఆడవాళ్ళు ఏం చేస్తారు? చింతపండు. మా మిత్రుడింట్లో వాళ్ళమ్మగారు దేవుడి సామానుతో పాటు కీని కూడా చింతపండు పెట్టి తోమేశారు. తళతళా మెరిసింది, ఆమె తప్పేం లేదు. కానీ ఆ పులుసు ఇరుసు గుంటల్లోకి, మరల్లోకి దిగింది. కొన్నాళ్ళకి స్క్రూలు తుప్పుపట్టి కదలనన్నాయి. తోముకోవాలంటే తోముకోండి, చింతపండయినా బ్రాస్సో పాలిషయినా. ముందు మీట, స్క్రూలు, స్ప్రింగు అన్నీ విప్పి, ఉత్త ఇత్తడి పీఠాన్ని తోమి, కడిగి, ఎండబెట్టి మళ్ళీ బిగించండి. కాంటాక్టులకి మాత్రం రెండూ తగలకూడదు. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా. ఆ మూడు నెలలూ వాడనప్పుడు మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి, కొత్త చెప్పుల పెట్టెలో వస్తాయే సిలికా జెల్ పొట్లాలు, అవి రెండు పడెయ్యండి.

టెర్మినళ్ళు. పాత తంతి కీ ఎవరైనా సంపాదిస్తే దానికి మూడు టెర్మినళ్ళు ఉండొచ్చు. కంగారు పడకండి. మీట నొక్కనప్పుడు వెనక తగిలేది ఒక కాంటాక్టు, నొక్కితే ముందు తగిలేది ఒకటి. వెనకది ఎందుకంటే, మనం పంపనప్పుడు లైనుని మన రిసీవరుకి కలపడానికి. ఇప్పటి సెట్టుకి అది అక్కర్లేదు. మీటదీ, ముందుదీ, ఈ రెండే కలపండి. వెనకది కలిపితే నొక్కనప్పుడు మోగతా ఉంటుంది, నొక్కితే ఆగుతుంది. ఇట్టాంటి కీని పాడైపోయిందని పాత ఇనప సామాన్ల వాడికి వేసినవాళ్ళున్నారు. ఏం చెప్పేది!

ఇప్పుడు గ్యాపు. ఎంతుండాలి? కొత్తగా నేర్చుకునేవాళ్ళకి విజిటింగు కార్డు మందం. చెయ్యి కుదిరాక జెరాక్సు కాగితం మందం, అంటే మిల్లీమీటరులో పదో వంతు దగ్గర. కాగితంతో ఒక చిక్కుంది. అది నలుగుతుంది, అదిమితే పల్చబడుతుంది, వానాకాలంలో ఉబ్బుతుంది. మెకానిక్కుల దగ్గర ఉక్కు ఫీలర్ గేజి ఉంటుంది గానీ దాంతో వెండి గీసుకుపోతుంది. మరేం వాడాలి? మా వైపు దొరికేదే, అభ్రకం. గూడూరు, సైదాపురం గనుల అభ్రకం. ఒకప్పుడు రేడియోల కండెన్సర్లలోకి పోయిన సరుకు అది. ఇదిగో ఈ రేకు చూడండి. బ్లేడు మొన పెట్టి పొరలు విడదీయొచ్చు, ఎంత పల్చగా కావాలంటే అంత. మైక్రోమీటరుతో కొలిచి 0.1, 0.2, 0.3 అని వేరువేరు పొట్లాల్లో పెట్టుకున్నాను. నలగదు, ఉబ్బదు, గీతలు పడనివ్వదు, కరెంటు పోనివ్వదు. రేకు మధ్యలో పెట్టి మీట వెనక ఉండే గ్యాపు స్క్రూని సర్దండి. రేకు జారుతా ఉండాలి, కానీ ఆనుతున్నట్టు చేతికి తెలియాలి. తరవాత వస్తే తలా ఒక ముక్క ఇస్తా, తెచ్చాను.

తంతి ఆఫీసులో మేం పెద్ద గ్యాపు పెట్టేవాళ్ళం. మాకు వినపడేది ఇప్పటిలాగా కూత కాదు, సౌండరు అనే తంతి పరికరం టకటక. ఆ టకటక వినీ వినీ మీట కూడా అట్టాగే గట్టిగా కొట్టాలని అలవాటు పడింది చెయ్యి. అప్పటివాళ్ళు చెప్పారని మీరు అదే పెట్టుకోవాలని లేదు. మన దేశంలో మొదటి తంతి 1850లో కలకత్తా నుంచి డైమండ్ హార్బరుకి, ఆఖరి టెలిగ్రాం 2013 జులైలో. మోర్సు అయితే ఆఫీసుల్లోంచి అంతకు చాలా ముందే పోయింది, టెలిప్రింటర్లు వచ్చినప్పుడే. ఇవాళ్టి మోర్సు చాలావరకు హ్యాముల, అంటే సరదాకి రేడియో నడిపేవాళ్ళ, చేతుల్లో ఉంది. వాళ్ళు వినేది కూత. దానికి తగినట్టు సర్దుకోవాలి.

ఇప్పుడు ఆ స్ప్రింగు. ఇందాక తీసి పక్కన పెట్టాం కదా, మళ్ళీ పెట్టండి. ఇప్పుడు ఎందుకు, ముందు ఎందుకు కాదు? జాగ్రత్తగా వినండి. ఇరుసు కదిపితే కాంటాక్టులు జరుగుతాయి. కాంటాక్టు ఆకురాయి పెడితే గ్యాపు మారుతుంది. గ్యాపు స్క్రూ తిప్పితే మీట ఆగే చోటు మారుతుంది, మీట ఆగే చోటు మారితే స్ప్రింగు ఎంత అణిగి ఉందో అది మారుతుంది. ప్రతిదీ తన కిందిదాన్ని చెడగొడుతుంది. స్ప్రింగు మాత్రం దేన్నీ చెడగొట్టదు. అందుకని ఆఖర్న.

ఇంకో మోసం కూడా ఉంది ఇందులో. గ్యాపు ఎక్కువైతే డిట్లు చిక్కిపోతాయి. స్ప్రింగు వదులైతే డిట్లు ఉబ్బిపోతాయి. గ్యాపు ఎక్కువ పెట్టుకొని స్ప్రింగు వదులు చేశారనుకోండి, ఒక తప్పు ఇంకో తప్పుని కప్పేస్తుంది. పది మాటల వేగంలో బాగానే ఉన్నట్టు వినపడుతుంది. పదిహేనుకి పోండి, చెయ్యి మొరాయిస్తుంది. గ్యాపు తక్కువ, స్ప్రింగు బిరుసు, ఇది రెండో జోడీ. ఇది వేగానికి ఆగుతుంది గానీ పది నిమిషాలకి మణికట్టు లాగేస్తుంది. తంతి ఉద్యోగులకి చెయ్యి బిగుసుకుపోయే జబ్బు వచ్చేది, అమెరికాలో దాన్ని గాజు చెయ్యి అనేవాళ్ళు. ఆ బాధ పడలేకే డిట్లు వాటంతటవే కొట్టే బగ్ అనే కీ పుట్టింది, హోరేస్ మార్టిన్ అనే ఆయన చేశాడు.

స్ప్రింగు సర్దే తీరు ఇది. పూర్తిగా వదులు చెయ్యండి, మీట పైకి లేచీ లేవనట్టు ఉంటుంది. మీ మామూలు వేగంలో అయిదు అంకె కొట్టండి, వరసగా. అయిదు డిట్లు. అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతా ఉంటాయి. పావు చుట్టు బిగించండి, మళ్ళీ కొట్టండి. ఎక్కడైతే అయిదూ విడివిడిగా వినపడ్డాయో అక్కడ ఆగిపోండి. ఇంకొంచెం బిగిస్తే ఇంకా బాగుంటుందేమో అనిపిస్తుంది. అనిపించనివ్వండి, చెయ్యి తియ్యండి. ఆ తరవాత వారం రోజులు ఏ స్క్రూ జోలికీ పోవద్దు. కొందరుంటారు, రోజూ కూర్చోంగానే ఒకటి తిప్పుతారు. వాళ్ళ చెయ్యి ఎన్నటికీ కుదరదు. దేనికని కుదురుతుంది, కీ రోజుకొకటి అయితే?

కీ బల్ల మీద జరిగితే ఇదంతా వృథా. పీఠం బరువుండాలి. దీనికి మీ జిల్లా వాళ్ళు డబ్బులు పెట్టాల్సిన పని లేదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ముక్కలు పాలిషింగు యూనిట్ల దగ్గర గుట్టలుగా పడి ఉంటాయి. 20 సెంటీమీటర్ల పొడుగు, 10 వెడల్పు, 2 మందం ఉన్న ముక్క తీసుకుంటే కిలో పైమాటే. కింద నాలుగు రబ్బరు బొడిపెలు, పైన రెండు పక్కలా అంటుకునే టేపు. కదలదు. చూడ్డానికీ బాగుంటుంది, నల్లగా చుక్కలతో. కీ ఎక్కడ పెట్టాలంటే, మేం నేర్చుకున్నది బల్ల అంచు దగ్గర, మణికట్టు గాల్లో. అమెరికా వాళ్ళు కీని లోపలికి పెట్టి మోచెయ్యి దాకా బల్ల మీద ఆనిస్తారు, వాళ్ళ బొడిపె బల్లకి దగ్గరగా బిళ్ళలాగా ఉంటుంది. మీ కీ బొడిపె ఎత్తుగా ఉంటే మన పద్ధతి, పల్చగా ఉంటే వాళ్ళ పద్ధతి. కలపొద్దు.

అన్నీ అయ్యాక వినాలి. మీ సెట్టులో వచ్చే సైడ్‌టోను, అంటే మీరు కొట్టేది మీకే వినిపించే కూత, అది వింటే చాలదు. అది మీ కీ ఏం చేస్తా ఉందో చెప్తుంది, గాల్లోకి ఏం పోతా ఉందో చెప్పదు. కొన్ని సెట్లు పంపడానికీ వినడానికీ మారేటప్పుడు మొదటి డిట్‌లో ముందు భాగం కోసేస్తాయి. కీ ఎంత సర్దినా అది పోదు, సెట్టులో ఆలస్యం సర్దాలి. కాబట్టి పక్కింట్లోనో, స్నేహితుడి దగ్గరో ఇంకో రిసీవరులో వినండి. ఫోన్లో రికార్డు చేసి కంప్యూటరులో ఆడాసిటీ అనే ప్రోగ్రాములో తెరిస్తే ఇంకా మంచిది. కూత ఉన్నచోట దిమ్మె, లేనిచోట గీత. డిట్ దిమ్మె ఎంతుందో పక్క ఖాళీ అంతే ఉండాలి. దిమ్మె అంచు రంపంలాగా ఉందా, కాంటాక్టు ఎగురుతోంది. మాకు ఈ వసతి లేదు, సూపర్‌వైజరు తిట్లే మా ఆడాసిటీ.

ప్యాడిల్, అంటే ఒక పక్క డిట్‌కీ ఇంకో పక్క డాకీ నొక్కే కీ, వాడేవాళ్ళకి రెండు ముక్కలు చెప్పి ముగిస్తా. గ్యాపు రెండు పక్కలా సమానంగా పెట్టండి, తక్కువ పెట్టండి. మీరు వదిలేశాక ఒక డిట్టో డానో ఎక్కువ పడతా ఉంటే స్క్రూలు తిప్పే ముందు కీయరులో, అంటే ఆ డిట్లూ డాలూ తయారుచేసే పెట్టెలో, మోడ్ బి ఉందేమో చూడండి. అది రెండు పక్కలూ నొక్కి వదిలాక ఇంకొకటి జోడిస్తుంది, దాని స్వభావమే అంత. బగ్ ఉన్నవాళ్ళు ఎవరన్నా ఉన్నారా? ఒక్కరేనా. అయితే మీతో విడిగా మాట్లాడతా.

ప్రశ్నలుంటే అడగండి. ఆఁ, చెప్పమ్మా. పాత కీ స్క్రూ పోయిందా? మార్కెట్లో ఎం ఫోర్ స్క్రూ తెచ్చి బిగించావా? ఇంకా బిగించలేదు కదా, మంచిపని చేశావు. బ్రిటిషు పద్ధతి పాత కీల మర మెట్రిక్ కాదు, బి.ఏ., అంటే బ్రిటిష్ అసోసియేషన్ మర అంటారు. 4 బి.ఏ. స్క్రూ 3.6 మిల్లీమీటర్లు, 2 బి.ఏ. 4.7. ఎం ఫోర్ ఏమో నాలుగు. దేనికీ సరిపోదు. బలవంతాన తిప్పితే ఇత్తడిలో మర చెరిగిపోతుంది, ఇంక ఆ రంధ్రం పనికిరాదు. పాత రేడియోలు, పాత మీటర్లు బాగుచేసేవాళ్ళ డబ్బాల్లో బి.ఏ. స్క్రూలు దొరుకుతాయి. వేళ్ళతో తిప్పితే పూర్తిగా దిగాలి, ఎక్కడ పట్టినా ఆపెయ్యాలి.

ఇంకెవరు? స్ప్రింగు పోతే పెన్ను స్ప్రింగు వెయ్యొచ్చా అంటున్నారు. వెయ్యొచ్చు, చాలామంది వేస్తారు. మెత్తన కాబట్టి తేలిక చెయ్యి ఉన్నవాళ్ళకి అదే నచ్చుతుంది కూడా. సగానికి కత్తిరించండి. కత్తిరించిన చివర మొనదేలి ఉంటుంది, అట్టాగే పెడితే మీటని పక్కకి తోస్తుంది, ఇరుసు బాగున్నా ఒరుగుతుంది. ఆ చివరి చుట్టుని కొవ్వొత్తి మంట మీద ఎర్రగా చేసి, పట్టుకారుతో చదునుగా అణచి, చల్లారాక పెట్టండి. ఆ ఒక్క చుట్టునే కాల్చాలి, మిగతాది కాలితే స్ప్రింగు బిగువు పోతుంది. భోజనాలకి ఇంకా అరగంట ఉంది, పాత పెన్ను ఎవరి దగ్గరుందో ఇటు పట్రండి, ఒకటి చేసి చూపిస్తా.